వెస్ట్‌బరీలో ఆగని బండి

డెరిక్ హెంబ్రో టాంటన్ నుంచి లండన్ దాకా ఒకే టికెట్టు కొని వెళ్లాడని ఎవరైనా చెబితే అతని భార్య డెనీస్ నమ్మేది కాదు. మనిషిని చంపాడంటే కాసేపు ఆలోచించేదేమో. దూరం ఎంతయినా సరే, దాన్ని ముక్కలు చేసి, ముక్కకొక టికెట్టు కొని, మిగిలిన డబ్బు గురించి వారం రోజులు చెప్పుకుని మురిసిపోతేనే డెరిక్‌కి ప్రయాణం చేసినట్టు. ఈ పిచ్చి మా దేశంలో చాలామందికి ఉంది. కాకపోతే డెరిక్‌కి ముదిరింది.

ముక్కలు చేస్తే ధర ఎందుకు తగ్గుతుందో రైల్వే వాళ్లకే తెలియదని అతనంటాడు. నియమాలు మాత్రం అతనికి కంఠతా వచ్చు. ముక్క చేసిన స్టేషన్లో బండి తప్పకుండా ఆగాలి. ఆగితే చాలు, మనం దిగనక్కర్లేదు. ముక్కకీ ముక్కకీ మధ్య ఖాళీ ఉండకూడదు. మొదటి ముక్కా చివరి ముక్కా కొని మధ్యది ఎగ్గొట్టే వాళ్లంటే డెరిక్‌కి దొంగలకంటే ఎక్కువ అసహ్యం. తన మేనకోడలి పెళ్లిలో పెళ్లి చేయించిన పాదిరీ గారిని ఒక మూలకు తీసుకుపోయి, కేకు కోసేదాకా ఇదే చెప్పాడు. ఆ పాదిరీ గారు ఇప్పటికీ డెనీస్ ఎదురుపడితే జాలిగా చూస్తారు.

నిజానికి డెనీస్ కూడా చాలా ఏళ్లు ఓర్చుకుంది. ఇద్దరికీ కలిపి ఒక జంట కార్డు ఉండేది. ఒకే కార్డు మీద ఇద్దరి ఫోటోలు. ఇద్దరూ కలిసి ప్రయాణం చేస్తే టికెట్టులో మూడో వంతు తగ్గుతుంది, విడివిడిగా వెళితే తగ్గదు. ఆ కార్డు పట్టుకుని మూడేళ్ల కిందట యార్క్ వెళ్లారు. డెరిక్ ఆ దారిని నాలుగు చోట్ల ముక్కలు చేశాడు. ఏ ముక్క టికెట్టుకి ఆ ముక్క సీటే రాసి ఉంటుంది కాబట్టి బ్రిస్టల్లో ఒకసారి, బర్మింగ్‌హామ్‌లో ఒకసారి, అలా ఆగిన చోటల్లా డెనీస్ సంచీ, గొడుగు, అల్లుకుంటున్న స్వెట్టరు చంకన పెట్టుకుని లేచి ఇంకో సీటుకి మారాల్సి వచ్చింది. డార్బీలో ఆమె సీట్లో ఒక లావుపాటి మనిషి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. లేపమని డెరిక్, లేపనని డెనీస్. ఆ రోజే ఆమె తేల్చి చెప్పేసింది.

"ఇంక నీ రైళ్లకి నేను రాను. నువ్వూ నీ ముక్కలూ ఊరేగండి."

తర్వాత కార్డు గడువు అయిపోయింది. మళ్లీ తీసుకుందామా అని డెరిక్ ఒక్కసారే అడిగాడు. వద్దంది. పని చేసే బీమా కంపెనీకి ప్రతి బుధవారం లండన్‌లో మీటింగు. మిగతా రోజులు ఇంట్లోంచే పని. బుధవారం పొద్దున డెనీస్ ఒక డబ్బాలో అల్లం కేకు పెట్టి ఇచ్చేది, అతను వెళ్లేవాడు, వచ్చేవాడు. అలాగే ఇన్నాళ్లూ జరిగింది.

ఫిబ్రవరిలో మొదటి తేడా వచ్చింది. కేకు సగం తిరిగి వచ్చింది.

రెండేళ్ల కిందట, "ముక్క ఇంకొంచెం పెద్దది పెట్టవోయ్, దారిలో ఆకలేస్తోంది" అని అతనే అడిగాడు. అప్పటినుంచీ ఒక్క పొడి కూడా మిగిల్చి ఎరగడు. ఇప్పుడు వారం వారం సరిగ్గా సగం వెనక్కి వస్తోంది. అడిగితే ఆకలి లేదన్నాడు. బయట ఎవరో తిండి పెడుతున్నారు, అనుకుంది డెనీస్. ఆ తర్వాత ఇంకోటి గమనించింది. బుధవారాలు ఇంట్లోంచి అరగంట ముందే బయలుదేరుతున్నాడు. ఎందుకంటే చలిగాలిలో నడవడం మంచిదట. అన్నిటికంటే ఘోరం మూడోది. టికెట్ల మాట ఎత్తడం మానేశాడు. ఎక్కడ ముక్క చేశాడో, ఎంత మిగిలిందో ఒక్క మాట లేదు. వాగే మనిషి ఉన్నట్టుండి నోరు కట్టేసుకున్నాడంటే లోపల ఏదో ఉంది.

ఏప్రిల్లో అతని చలికోటు ఉతికించడానికి ఇస్తూ జేబులు తడిమితే కార్డు దొరికింది.

జంట కార్డే. ఎడమ పక్క డెరిక్, ఎప్పుడూ ఫోటోలో పెట్టే బెదురు మొహంతో. కుడి పక్క డెనీస్ ఉండాల్సిన చోట ఇంకో ఆవిడ. కింద పేరు, జోసలిన్ ప్రౌట్. గడువు జూన్ దాకా ఉంది.

కోటు ఇచ్చి, రసీదు తీసుకుని, ఇంటికొచ్చి, కెటిల్ స్విచ్చి వేసి, అందులో నీళ్లు పోయలేదని అది ఆగిపోయాక తెలుసుకుంది. అప్పుడు పక్క ఊళ్లో ఉండే అక్క ట్రూడీకి ఫోన్ చేసింది.

"ఎవరే ఆవిడ?" అంది ట్రూడీ.

"తెలిస్తే నీకెందుకు చేస్తాను?"

"అందగత్తేనా?"

"పొట్టి జుట్టు. బాగా నెరిసింది. కళ్లజోడు."

"అయితే ప్రమాదమే. అందగత్తె అయితే నాలుగు రోజుల ముచ్చట. నెరిసిన జుట్టుతో కార్డు దాకా వచ్చిందంటే కుదురుకున్నట్టే."

"ధైర్యం చెబుతావని చేశాను చూడు, నా బుద్ధి తక్కువ."

"ధైర్యం ఎందుకు, ముందు వాణ్ణి నిలదియ్యి."

"నిలదీస్తే ఏమంటాడో నాకు తెలుసు. 'ఆ కార్డుకి మొగుడూ పెళ్లామే కానక్కర్లేదు డెనీస్, పదహారేళ్లు నిండిన ఎవరైనా ఇద్దరు చాలు' అంటాడు."

"అది నిజమేనా?"

"నిజమే. అదే నా ఏడుపు."

ఆ సాయంత్రం డెరిక్ తోటలో ఉండగా అతను చదివే పుస్తకాలన్నీ దులిపింది. పాత టికెట్లను అతను పేజీల గుర్తుకి వాడతాడు. ఒక హత్య కథలోంచి రెండు జారి పడ్డాయి, పోయిన శరదృతువులో వాడినవి. ఒకటి టాంటన్ నుంచి వెస్ట్‌బరీకి, మామూలు ధర. రెండోది వెస్ట్‌బరీ నుంచి లండన్‌కి, జంట కార్డు ధర. డెనీస్‌కి ఇష్టం లేకపోయినా ముప్పై ఏళ్లు విన్న పాఠం గుర్తుకొచ్చింది. పనిరోజుల్లో జంట కార్డు తొమ్మిదిన్నర దాటాకే చెల్లుతుంది. టాంటన్లో ఎక్కేసరికి ఇంకా తొమ్మిదిన్నర కాదు. కానీ అదే బండి వెస్ట్‌బరీ చేరేసరికి అవుతుంది. అక్కడ ముక్క చేస్తే రెండో ముక్కకి కార్డు చెల్లుతుంది. ఆ ఆవిడ వెస్ట్‌బరీలో ఎక్కుతుంది. అక్కణ్ణుంచి లండన్ దాకా, నియమం ప్రకారం, ఇద్దరూ కలిసే ఉండాలి. డెనీస్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

మంగళవారం రాత్రి భోజనం దగ్గర ఒక రాయి వేసి చూసింది.

"రేపు ఎక్కడ ముక్క చేస్తున్నావు?"

డెరిక్ బఠాణీలు ఫోర్కుతో అటూ ఇటూ తోశాడు. "మామూలే."

"మామూలంటే?"

"మామూలంటే మామూలే. బంగాళాదుంపలు ఇంకొన్ని ఉన్నాయా?"

అడిగినందుకు ఇంకో రోజయితే పడుకునేదాకా చెప్పేవాడు. డెనీస్ బంగాళాదుంపలు వడ్డించింది. కేకు కూడా కోసి డబ్బాలో పెట్టింది, ఎప్పటికంటే కొంచెం పెద్ద ముక్క. ఎంత వెనక్కి వస్తుందో చూద్దామని.

బుధవారం అతను ఎప్పటిలాగే తొందరగా వెళ్లిపోయాడు. వెనకాలే వెళితే కనిపిస్తానని డెనీస్ కాసేపు ఆగి, అతను ఎప్పుడూ ఎక్కే బండి వేళకి స్టేషన్ చేరింది. కౌంటర్లో అమ్మాయి ఎక్కడికని అడిగితే వెస్ట్‌బరీకంది. రిటర్నా అంటే, "ఇంకా తెలీదమ్మా" అంది. ఆ పిల్ల ఆశ్చర్యంగా చూసి టికెట్టు ఇచ్చింది.

చివరి పెట్టెలో ఎక్కింది. బండి కదిలాక ఒక్కో పెట్టే దాటుకుంటూ ముందుకు నడిచింది. ప్రతి సీటూ చూసింది. పేపరు అడ్డం పెట్టుకున్న వాళ్ల దగ్గర వంగి మరీ చూసింది. ఒక మరుగుదొడ్డి తలుపు ఎంతకీ తెరుచుకోకపోతే కాసిల్ కేరీ స్టేషన్ దాటేదాకా దాని ముందే నిలబడింది. చివరికి లోపల్నుంచి వచ్చినాయన, తలపాగా పెట్టుకున్న పెద్దమనిషి, ఆమెకేదో అత్యవసరం అనుకుని బోలెడు క్షమాపణలు చెప్పాడు. మర్యాదకి లోపలికి వెళ్లి బయటికొచ్చింది.

డెరిక్ ఎక్కడా లేడు.

ఇంట్లోంచి బయలుదేరాడు, బండిలో లేడు. అంటే లండనూ అబద్ధమే, మీటింగూ అబద్ధమే. టాంటన్లోనే ఎక్కడో ఉన్నాడు. లేకపోతే ఆవిడే కారేసుకుని వచ్చి తీసుకుపోతోంది. మొదటి పెట్టెలో ఖాళీ సీట్లో కూలబడింది డెనీస్. వెస్ట్‌బరీలో దిగి, అవతలి పక్కకి పోయి, ఇంటికి పోయి, అతని పుస్తకాలన్నీ వాకిట్లో పారెయ్యాలనుకుంది.

బండి ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఆవిడ నిలబడి ఉంది.

అదే పొట్టి జుట్టు, అదే కళ్లజోడు. రెండు చేతుల్లో రెండు కాగితం కప్పులు. ఒక్కో కిటికీ చూసుకుంటూ మెల్లగా వస్తోంది. డెనీస్ పెట్టె దాకా వచ్చింది, లోపలికి చూసింది, ఎక్కింది. డెనీస్ దిగలేదు. ఆవిడ వచ్చి సరిగ్గా ఎదురు సీట్లో కూర్చుని, ఒక కప్పు తన ముందూ, ఇంకో కప్పు బల్ల మధ్యలోనూ పెట్టింది. తలుపులు మూసుకున్నాయి.

అయితే ఇంకా రావాల్సి ఉందన్నమాట, అనుకుంది డెనీస్. ఏ పెట్టెలోంచి వస్తాడో రానీ.

వచ్చింది మాత్రం టికెట్ల గార్డు. ఎదురావిడ టికెట్టు చూసి తల ఊపాడు. డెనీస్‌ది చూసి ఆగాడు.

"ఇది వెస్ట్‌బరీ దాకానే అమ్మా. వెస్ట్‌బరీ వెళ్లిపోయింది."

"తెలుసు. దిగుదామనుకుని దిగలేదు."

"దిగకపోయినా పర్వాలేదండీ, ఆ తర్వాతి ముక్క ఉంటే. ఉందా?"

"లేదు."

ఇంతమంది ముందు ఇంత మాట పడాల్సి వచ్చినందుకు డెరిక్‌ని మనసులో ఇంకోసారి తిట్టుకుని తర్వాత బండి ఆగే రీడింగ్ దాకా టికెట్టు కొనుక్కుంది. గార్డు వెళ్లాక ఎదురావిడ నవ్వి, బల్ల మీది కప్పు ఇటు జరిపింది.

"తీసుకోండి. వేడిగానే ఉంది."

"ఎవరికోసమో తెచ్చారుగా?"

"ఎవరికోసమూ కాదండీ. ఆ కొట్లో రెండోది సగం ధరకే ఇస్తారు. ఒకాయన అలవాటు చేశాడు. మనిషి రావడం మానేసినా అలవాటు పోలేదు."

డెనీస్ కప్పు అందుకుంది.

"ఆయనెవరు? మీ వారా?"

"అయ్యో, కాదు. మా ఆయన పోయి ఆరేళ్లయింది. ఈయన ఇదే బండిలో కనిపించేవాడు. ఒకరోజు నా టికెట్టు చూసి, ఇంత పోసి కొన్నారేమిటండీ అని నిజంగా బాధపడ్డాడు. జంట కార్డు తీసుకుంటే ఇద్దరికీ కలిసొస్తుందన్నాడు. నేను ముందు దొంగేమో అనుకున్నాను." ఆవిడ కాస్త నవ్వింది. "రెండేళ్లు ఈ ముక్కల గురించే విన్నాను. మొదట్లో విసుగ్గా ఉండేది. తర్వాత బుధవారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. కేకు తెచ్చి సరిగ్గా సగం చేసి ఇచ్చేవాడు. అంత మంచి అల్లం కేకు నేనెక్కడా తినలేదు."

డెనీస్ ఒక గుక్క టీ మింగింది. సగం. రెండేళ్లు తను అల్లం తురిమి, బెల్లప్పాకం లాంటి నల్ల సిరప్పు కాచి, పొద్దున్నే కోసి పెట్టింది ఈవిడ కోసమా? అయినా నోరు జారకుండా బిగబట్టుకుంది. మొత్తం వినాలి.

"మరెందుకు మానేశాడు?"

"నేనే పాడు చేసుకున్నాను." ఆవిడ కిటికీలోకి చూసింది. "ఫిబ్రవరిలో ఒకరోజు అడిగాను. ఈ రోజు మీటింగు మానేసి, రీడింగ్‌లో దిగి నాతో భోజనానికి రాకూడదా అని. భోజనమనే అన్నాను. ఒట్టి భోజనం కాదని ఆయనకి అర్థమైంది, మొహం చూస్తే తెలిసింది. లండన్ దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తర్వాతి వారం ఫోనుకి చిన్న సందేశం పెట్టాడు. తొందరగా పోయే బండికి మారాను, అది వెస్ట్‌బరీలో ఆగదు, తగ్గింపు పోతున్నందుకు క్షమించండి అని. తగ్గింపు గురించి క్షమాపణ! నవ్వాలో ఏడవాలో తెలీలేదు."

డెనీస్ కూడా నవ్వలేదు. ఆమె బుర్ర వేరేచోట తిరుగుతోంది. వెస్ట్‌బరీలో ఆగని బండి. ఆగని చోట ముక్క చెయ్యకూడదు. ఇంకా తొమ్మిదిన్నర కాలేదు, రద్దీ వేళ ధర. అరగంట ముందు ఇంట్లోంచి వెళ్లేది ఆ బండి కోసమే. ఫిబ్రవరి నుంచి డెరిక్ ప్రతి బుధవారం మొత్తం దూరానికి ఒకే టికెట్టు కొంటున్నాడు. అందుకే మాట్లాడటం లేదు. చెప్పుకోవడానికి ఏమీ మిగలటం లేదు.

అంతలోనే ఇంకో ఆలోచన పొడిచింది. మనసులో ఏమీ లేని మనిషి బండి మార్చుకుని పారిపోతాడా? వద్దండీ అని ఒక్క ముక్క చెప్పి అదే సీట్లో కూర్చోవచ్చు కదా? తనని తాను నమ్మలేకే కదా పారిపోయాడు?

రీడింగ్ వచ్చింది. డెనీస్ లేచి, గొడుగు తీసుకుని, ఖాళీ కప్పు బల్ల మీద పెట్టింది.

"టీకి థాంక్స్ అండీ. ఆ కేకులో అల్లం ఎక్కువ వేసేది నేనే."

ఆవిడ మొహంలో రంగు పోయింది.

"ఆయన అడగలేదండీ," అంది. "అడిగింది నేనే. అది మాత్రం నమ్మండి."

డెనీస్ దిగి అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్లింది.

సాయంత్రం డెరిక్ వచ్చేసరికి ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. అతను కేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. మూత తీసి చూసింది. సగం ఉంది. ఎవరికో ఇవ్వడానికని కోసి, తర్వాత గుర్తొచ్చి ఆగిపోయినట్టు, అంచు తిన్నగా ఉంది.

"ఏ బండికి వెళ్లావు?"

"తొందరగా పోయేదానికి."

"అది వెస్ట్‌బరీలో ఆగుతుందా?"

కోటు గుండీ దగ్గర అతని చెయ్యి ఆగింది. "ఆగదు."

"మరెక్కడ ముక్క చేశావు?"

"ఆగని చోట చెయ్యకూడదుగా."

"రీడింగ్‌లో ఆగుతుందిగా. అక్కడ చెయ్యొచ్చు."

"అక్కడ చేస్తే ఇంకా పెరుగుతుంది. చూశాను." చూడకుండా ఉంటాడా. "మొత్తానికీ ఒకటే టికెట్టు కొన్నాను."

పక్కింటి కోడిని ఎత్తుకొచ్చానని ఒప్పుకున్నట్టు చెప్పాడు. డెనీస్ ఆప్రాన్ జేబులోంచి కార్డు తీసి డబ్బా పక్కన పెట్టింది. డెరిక్ దాన్ని చూశాడు, ఆమెని చూశాడు, కుర్చీ లాక్కుని కోటుతోనే కూర్చున్నాడు.

"జూన్ దాకా గడువుంది," అన్నాడు.

"అందుకే దాచావా?"

అవునంటాడని ఎదురుచూసింది. అవునంటే నమ్మాలని కూడా అనుకుంది. గడువున్న కార్డు పారెయ్యలేని మనిషని ఊరందరికీ తెలుసు. ట్రూడీ కూడా నమ్ముతుంది. డెరిక్ కార్డుని తన వైపు తిప్పుకున్నాడు.

"అందుకు కూడా," అన్నాడు.

ఆ 'కూడా' ఎందుకన్నాడో అర్థమయ్యేసరికి డెనీస్‌కి కళ్లు మండాయి. కోపమొచ్చింది. ఏడుపొచ్చింది. అబద్ధం చెప్పనందుకు అతని మీద జాలి కూడా వచ్చింది, దానికి ఇంకా కోపమొచ్చింది.

"రెండేళ్లు నా కేకు పెట్టావు దానికి."

"నువ్వు వస్తే నీకే పెట్టేవాణ్ణి," అన్నాడు డెరిక్. నిష్ఠూరంగా అనలేదు. సీటు నంబరు చెప్పినట్టు అన్నాడు.

డెనీస్ లేచి సొరుగులోంచి కత్తెర తెచ్చి కార్డు మీద పెట్టింది. ఇద్దరి ఫోటోల మధ్యలోంచి కత్తిరించి, డెరిక్ తన మొహం ఉన్న సగం మిగుల్చుకుంటాడేమో అనుకుంది, వస్తువు పారేసే అలవాటు లేని మనిషి కదా. అతను కార్డుని అడ్డంగా పట్టుకుని రెండు మొహాల మీదుగానూ కత్తిరించాడు. మళ్లీ ఇంకోసారి. గడువింకా ఉన్న కార్డు ముక్కలు చెత్తబుట్టలో పడుతుంటే అతని మొహం చూడాల్సిందే.

"కొత్త కార్డుకి ఫోటోలు దిగాలి," అంది డెనీస్. "వచ్చే బుధవారం నేనూ వస్తున్నాను. మీటింగు అయ్యేదాకా ఏదో ఒకటి చూస్తూ తిరుగుతాను."

"తొందరగా పోయే దానికా?"

"దానికెందుకు, డబ్బులెక్కువా? వెస్ట్‌బరీలో ఆగే దానికే."

"అక్కడ ఆవిడ ఎక్కుతుంది, డెనీస్."

"ఎక్కనీ. టికెట్టు ఉన్న వాళ్లెవరైనా ఎక్కొచ్చు."

అతను కేకు డబ్బా మూత పెట్టాడు, తీశాడు. చెప్పాలా వద్దా అని సందేహిస్తున్నట్టు ఆమె వైపు చూశాడు. చివరికి అలవాటే గెలిచింది.

"ముక్క చేస్తే వెస్ట్‌బరీలో సీట్లు మారాల్సొస్తుంది. నీకు పడదు."

"మారతాను," అంది డెనీస్.